వెన్నుపూస విరిగితే చిన్న కోతా, పెద్ద కోతా?

ఆస్పత్రి వరండాలో ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకుని చూసేవాళ్లను మీరూ చూసే ఉంటారు. తాటిచెట్టు మీద మోకు జారి పడ్డ గీత కార్మికుడి కొడుకో, సెంట్రింగ్ పనిలో కాలు జారిన మేస్త్రీ తమ్ముడో అయ్యుంటారు. ఫిల్ములో తెల్లగా ఏవో గడులు కనిపిస్తాయి తప్ప ఏమీ అర్థం కాదు. "నడుము పైన పూస నలిగింది, స్క్రూలు వేయాల్సి రావచ్చు" అని డాక్టరు చెప్పి వెళ్లారు. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఒక బంధువు "వెన్నెముక జోలికి పోతే కాళ్లు పడిపోతాయి, వద్దు" అంటాడు. ఇంకొకాయన "ఇప్పుడు కోయకుండానే చేస్తున్నారట, పట్నం తీసుకుపోదాం" అంటాడు. మూడో ఆయన ఫోన్లో "లేజర్ ఉందేమో అడగండి" అంటాడు.

తెలంగాణలో చెట్టు మీద నుంచి పడే ప్రమాదాలు ఎంత ఎక్కువంటే, గీత కార్మికుల కోసమే ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కల్లుగీత ఒక్కటే అనుకోవద్దు. కట్టడం పనులు, కరెంటు స్తంభాలు, బైకు ప్రమాదాలు, బాత్రూంలో జారిపడే పెద్దవాళ్లు, ఇలా వెన్నుపూస విరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లన్నిటిలోనూ ఇప్పుడు వినిపిస్తున్న ప్రశ్న ఒకటే: చిన్న కోత ఆపరేషన్ మంచిదా, ఓపెన్ ఆపరేషన్ మంచిదా?

ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ వరుసలో అది మూడోది. ఏం విరిగింది అన్నది మొదటిది. లోపల చేయాల్సిన పని ఏమిటన్నది రెండోది. ఆ రెండూ తేలాక, ఆ పని దగ్గరికి ఏ దారిన వెళ్లాలన్న మాట వస్తుంది. కోత అంటే దారి. దారి గురించి ముందే పట్టుబడితే, వెళ్లాల్సిన ఊరు మారిపోయే ప్రమాదం ఉంది.

చార్జర్ వైరు తెగే చోటు

మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి కింద కలిసిపోయిన త్రికాస్థి, చివర తోక ఎముక. ఒక్కో పూసకు ముందు వైపు డబ్బాలాంటి గుండ్రటి భాగం, వెనుక వైపు ఒక కమాను ఉంటాయి. శరీరం బరువును ఎక్కువగా మోసేది ముందున్న డబ్బా. వెనుక కమాన్లను పైనా కిందా కలిపి కట్టే గట్టి పట్టీలు ఉంటాయి, వీటినే లిగమెంట్లు అంటారు. మనం వంగినప్పుడు వెన్ను ముందుకు కూలిపోకుండా లాగిపట్టేవి ఇవే. డబ్బాకు, కమానుకు మధ్య ఉన్న సొరంగంలో వెన్నుపాము దిగుతుంది. డబ్బాను కమానుతో కలిపే పొట్టి స్తంభాలు రెండున్నాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వీటి పేరు పెడికిల్. ఈ మాట గుర్తుంచుకోండి, స్క్రూలు వెళ్లేది వీటిలోంచే.

ఫోన్ చార్జర్ వైరు ఎక్కడ తెగుతుంది? గట్టి పిన్ను అయిపోయి మెత్తటి వైరు మొదలయ్యే చోట. వెన్నెముకదీ అదే తీరు. ఛాతీ పూసలను పక్కటెముకలు బిగించి ఉంచుతాయి, నడుము పూసలు స్వేచ్ఛగా కదులుతాయి. ఈ రెండూ కలిసే చోటు, అంటే ఛాతీ చివరి రెండు పూసలు, నడుము మొదటి రెండు పూసలు, దెబ్బ తగిలినప్పుడు ఎక్కువగా విరిగేవి. ఇదే చోట ఇంకో సంగతి ఉంది. పెద్దవాళ్లలో వెన్నుపాము దాదాపు నడుము మొదటి, రెండో పూసల దగ్గర ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందకు నరాల కట్ట మాత్రమే దిగుతుంది, గుర్రం తోకలా ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరే పెట్టారు. కాబట్టి ఒక పూస తేడాతో, దెబ్బ వెన్నుపాముకు తగిలిందా, నరాలకు తగిలిందా అన్నది మారిపోతుంది. వెన్నుపాము కంటే నరాలు కోలుకునే అవకాశం ఎక్కువ.

పైనుంచి కాళ్ల మీద పడ్డవాళ్లలో మడమ ఎముక కూడా విరగడం తరచూ జరుగుతుంది. మడమ వాచి నొప్పితో అల్లాడుతుంటే అందరి చూపూ అటే పోతుంది, నడుము సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాళ్లకు డాక్టర్లు నడుముకూ ఎక్స్‌రే రాసేది ఇందుకే.

ఈ వ్యాసం ఛాతీ, నడుము పూసల గురించి. మెడ పూసల లెక్క వేరు, దాన్ని ఇక్కడ కలపడం లేదు.

"విరిగింది" అన్న ఒక్క మాటలో ఎన్ని రకాలు

ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా వాడేది ఏఓ స్పైన్ అనే అంతర్జాతీయ వెన్నెముక సర్జన్ల సంస్థ చేసిన వర్గీకరణ, 2013 నాటిది. అందులో మూడు పెద్ద అరలున్నాయి. 'ఏ' రకంలో ముందు డబ్బా మాత్రమే నలుగుతుంది. మెట్టులా కొంచెం కుంగవచ్చు, లేదా గుడ్డు చిట్లినట్టు నలువైపులా పగిలి ఒక ముక్క వెనక్కి, సొరంగంలోకి జరగవచ్చు. ఇలా చిట్లిపోవడాన్ని బర్స్ట్ ఫ్రాక్చర్ అంటారు. 'బీ' రకంలో వెనుక పట్టీలు కూడా తెగుతాయి. కారులో నడుము బెల్టు మాత్రమే పెట్టుకున్న మనిషి ప్రమాదంలో ఒక్కసారిగా ముందుకు మడతపడితే పూస అడ్డంగా చీలిపోయే ఫ్రాక్చర్ ఈ అరలోకి వస్తుంది. దీన్ని 1948లో వివరించిన ఛాన్స్ అనే రేడియాలజిస్టు పేరుతోనే పిలుస్తారు. 'సీ' రకంలో పై పూస కింది పూస మీద నుంచి పక్కకో ముందుకో జారిపోతుంది. ఇది అన్నిటికంటే ప్రమాదకరం.

ఎముక ఒక్కటే విరిగితే అతుక్కుంటుంది, ఎముక స్వభావమే అంత. తెగిన లిగమెంటు అలా నమ్మకంగా అతుక్కోదు. అందుకే సీటీ స్కాన్‌లో ఎముక స్పష్టంగా కనిపించినా, వెనుక పట్టీల సంగతి చూడటానికి ఎంఆర్ఐ కూడా రాస్తారు. ఒకే దెబ్బకు రెండు స్కాన్లు ఎందుకని చాలామంది అడుగుతారు. కారణం ఇదే.

ఒకే చెట్టు, మూడు పడటాలు: లెక్క ఎలా వేస్తారు

2005లో అమెరికా సర్జన్ అలెగ్జాండర్ వకారో బృందం ఒక మార్కుల పద్ధతి తెచ్చింది. పేరు టీఎల్ఐసీఎస్. మూడు సంగతులకు మార్కులు వేసి కూడతారు. పూస ఎలా విరిగింది: కుంగితే 1, చిట్లితే 2, జారితే 3, సాగదీసినట్టు విడిపోతే 4. వెనుక పట్టీలు: బాగుంటే 0, అనుమానంగా ఉంటే 2, తెగితే 3. నరాలు: బాగుంటే 0, ఒక నరం వేరు దెబ్బతింటే 2, వెన్నుపాము పూర్తిగా పనిచేయకపోతే 2, కొంత పనిచేస్తూ కొంత చేయకపోతే 3, గుర్రపుతోక నరాలకు దెబ్బైతే 3. మొత్తం 3 వరకు ఉంటే ఆపరేషన్ లేకుండా, 5 లేదా అంతకు మించితే ఆపరేషన్, 4 వస్తే డాక్టరు విచక్షణ.

మల్లయ్య అనే 42 ఏళ్ల గీత కార్మికుడు చెట్టు మీద నుంచి పడ్డాడని అనుకుందాం. నడుము మొదటి పూస చిట్లింది.

మొదటి సందర్భంలో కాళ్లు బాగా కదులుతున్నాయి, మూత్రం వస్తోంది, ఎంఆర్ఐలో వెనుక పట్టీలు బాగున్నాయి. చిట్లినందుకు 2, మిగతా రెండూ 0. మొత్తం 2. ఈ లెక్క ప్రకారం ఆపరేషన్ అక్కర్లేదు. చిన్న కోతా పెద్ద కోతా అన్న చర్చే ఇక్కడ లేదు.

రెండో సందర్భంలో నరాలు బాగున్నా వెనుక పట్టీలు తెగాయి. 2, 3 కలిపి 5. ఆపరేషన్ కావాలి, కానీ లోపల నరాల మీద ఒత్తిడి తీసే పని లేదు. కూలబోతున్న గోడకు ఊతం ఇవ్వడమే పని. చిన్న కోత బాగా నప్పేది ఇలాంటి చోట.

మూడో సందర్భంలో పట్టీలు తెగాయి, ఎముక ముక్క సొరంగంలోకి వచ్చింది, ఒక కాలు బాగా బలహీనంగా ఉంది, మూత్రం ఆగిపోయింది. 2, 3, 3 కలిపి 8. ఇప్పుడు ఊతం ఒక్కటే సరిపోదు, నరాలకు చోటు చేయాలి. ఈ పనికి ఎక్కువమంది సర్జన్లు ఓపెన్ ఆపరేషన్‌నే ఎంచుకుంటారు.

పూర్తిగా పనిచేయని వెన్నుపాముకు 2 మార్కులు, కొంత పనిచేస్తున్న దానికి 3 ఎందుకో వెంటనే తట్టదు. దెబ్బ ఎంత పెద్దదన్న దాన్ని కాదు, ఆపరేషన్ ఎంత తొందరగా అవసరమన్న దాన్ని ఆ మార్కు కొలుస్తోంది. కొంత మిగిలి ఉంటే కాపాడుకోవాల్సింది ఉంది. డాక్టరు మలద్వారం చుట్టూ సూదితో, దూదితో తాకి "తెలుస్తోందా?" అని అడిగేది ఆ మిగిలిన దాని కోసమే. కాళ్లు కదలకపోయినా అక్కడ స్పర్శ మిగిలి ఉందంటే ఆశ మిగిలి ఉన్నట్టు. ఆ పరీక్ష చూసి ఇబ్బంది పడే కుటుంబాలకు ఈ మాట ముందే ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఇక మొత్తం 4 వచ్చే సందర్భం: పూస చిట్లింది, పట్టీలు తెగాయో లేదో ఎంఆర్ఐలో తేలలేదు. ఇక్కడ ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్పవచ్చు. ఒకరు దాస్తున్నారని, ఇంకొకరికి తెలియదని అనుకోనక్కర్లేదు.

ఆపరేషన్ లేకుండా నయం కావడం నిజమేనా?

నిజమే. పూస చిట్లినా నరాలకు ఏమీ కానివాళ్లు 47 మందితో అమెరికాలో వుడ్ బృందం చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లకు, బెల్టుతోనో కట్టుతోనో నయమైనవాళ్లకు నొప్పిలో, పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే మనుషులను 16 నుంచి 22 ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తే, ఆపరేషన్ లేనివాళ్లే మెరుగ్గా ఉన్నారని 2015లో రాశారు. దీనికి ఎదురు నిలిచే అధ్యయనమూ ఉంది. నెదర్లాండ్స్‌లో 34 మందితో చేసి 2006లో ప్రచురించిన దానిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి తక్కువగా ఉంది, ఎక్కువమంది పాత పనికి వెళ్లగలిగారు. రెండూ చిన్న అధ్యయనాలే. అందుకే ఈ వాదన ఇంకా తెగలేదు.

సొరంగంలోకి జరిగిన ఎముక ముక్కను చూసి కుటుంబం భయపడటం సహజం. నరాలు బాగున్నప్పుడు ఆ ముక్క చాలావరకు నెలల తరబడి అరిగి, కరిగి, సొరంగం మళ్లీ వెడల్పవుతుంది. ఇక గట్టి బెల్టు గురించి: 2014లో కెనడాలో బెయిలీ బృందం 96 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు బెల్టు వేసి, ఇంకో గుంపును బెల్టు లేకుండానే నడిపించింది. ఫలితం దాదాపు ఒకటే. అక్కడ తీసుకున్నది నరాలు, వెనుక పట్టీలు బాగున్నవాళ్లను మాత్రమే అన్నది మరిచిపోకూడదు.

స్క్రూ, రాడ్డు చేసే పని

విరిగిన చేతికి బయట కట్టు కట్టినట్టు, వెన్నుకు లోపల కట్టు కట్టడమే ఈ ఆపరేషన్. విరిగిన పూసకు పైనున్న పూసలో రెండు, కింద పూసలో రెండు స్క్రూలు పెడికిల్స్ గుండా వేసి, కుడి ఎడమల రెండు రాడ్లతో బిగిస్తారు. అవసరమైతే విరిగిన పూసలోనూ స్క్రూ వేస్తారు. పూస మరీ నుజ్జయితే పైనా కిందా రెండేసి పూసల దాకా పోతారు. ఫ్రాన్స్‌లో రేమండ్ రాయ్-కామీ 1963 నుంచి ఈ పెడికిల్ స్క్రూలను వాడారు. నడుములో వేసే స్క్రూ ఆరేడు మిల్లీమీటర్ల లావు, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు. అది వెళ్లే స్తంభం దానికంటే కాస్తే లావు. స్తంభం లోపలి గోడకు అవతలే నరం. ఓపెన్ అయినా చిన్న కోత అయినా ఈ ఇరుకు మారదు.

స్క్రూలు పట్టుకుని పూసలను కొంచెం ఎడంగా లాగితే, సొరంగం ముందు గోడ మీదుగా దిగే లిగమెంటు తాడులా బిగుసుకుని, వెనక్కి వచ్చిన ముక్కను తనంతట తానే ముందుకు నెడుతుంది. అన్నిసార్లూ పనిచేయదు. ముక్క తలకిందులై ఉన్నా, ఆ లిగమెంటు తెగినా ఈ ఉపాయం పారదు. నాలుగైదు రోజుల లోపు చేస్తే ఫలితం మెరుగు, ఆలస్యమయ్యే కొద్దీ ముక్క బిగుసుకుపోతుంది.

పెద్ద కోతలో కండరానికి ఏమవుతుంది

రోగిని బోర్లా పడుకోబెట్టి, వీపు మధ్య జానెడు, కొన్నిసార్లు అంతకు మించి కోస్తారు. చర్మం నిజానికి పెద్ద సమస్య కాదు, అది మానిపోతుంది. అసలు కథ కండరానిది. వెన్ను పొడవునా రెండు వైపులా మల్టిఫిడస్ అనే కండరం పూసలను అంటిపెట్టుకుని ఉంటుంది. నిటారుగా నిలబడటానికీ, వంగి లేవడానికీ ఇది నిత్యం పనిచేస్తుంది. ఓపెన్ ఆపరేషన్‌లో దీన్ని ఎముక మీద నుంచి గీకి, రెండు పక్కలకూ కొక్కేల్లాంటి రిట్రాక్టర్లతో లాగి పట్టుకుంటారు. రెండు మూడు గంటలు అలా నొక్కుకుపోయిన చోట కండరానికి రక్తం సరిగా అందదు. దానికి వచ్చే సన్నటి నరాల కొమ్మలు కూడా తెగవచ్చు. నెలల తర్వాత ఎంఆర్ఐ తీస్తే ఆ కండరంలో కొంత భాగం సన్నబడి కొవ్వుగా మారడం కనిపిస్తుంది. రక్తం కూడా తరచూ కొన్ని వందల మిల్లీలీటర్లు పోతుంది.

మా పెదనాన్నకు జరిగింది ఈ ఆపరేషనే. రెండో రోజు పక్కకు తిప్పడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. దుప్పటిని రెండు చివరలా పట్టుకుని, మనిషినంతా ఒక్క దుంగలా తిప్పమని నర్సు నేర్పింది. కుట్ల నొప్పి కంటే వీపు కండరాల బిగుసుకుపోవడమే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన మళ్లీ పొలం గట్ల మీద నడిచాడు. కానీ ఆ మొదటి మూడు వారాలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

దీనికి ప్రతిగా ఓపెన్ దారి ఇచ్చేది చాలా విలువైనది: చూపు. సర్జన్ విరిగిన చోటును కళ్లారా చూస్తాడు. కమానులో కొంత తీసి నరాలకు చోటు చేయగలడు. నరాల పైపొర చిరిగితే కుట్టగలడు. బాగా వంకరపోయిన వెన్నును చేతితో సరిచేయగలడు.

చిన్న కోత అంటే ఎలా చేస్తారు

ముందు ఒక అపోహ. "కోయకుండా" చేయడం అంటూ లేదు. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల కోతలు నాలుగో ఆరో పెడతారు. పూర్తి మత్తు దీనికీ కావాలి. బోర్లా పడుకోబెట్టడమూ అంతే. లోపల వేసే స్క్రూ, రాడ్డు పనీ అదే. విరిగిన పూసను అతికించే లేజర్ అంటూ ఏదీ లేదు.

గదిలో ఇంగ్లిషు సీ అక్షరం ఆకారంలో ఒక ఎక్స్‌రే యంత్రం మంచానికి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. తెర మీద పూస నీడలా కనిపిస్తుంది. ఆ నీడలో పెడికిల్ రెండు కళ్లలా కనబడుతుంది. సర్జన్ చర్మం మీద చిన్న గాటు పెట్టి, బోలు సూదిని ఆ కంటి అంచు మీద ఆనించి, సుత్తితో మెల్లగా తడుతూ, ప్రతి కొన్ని మిల్లీమీటర్లకూ తెర చూసుకుంటాడు. సూది లోపలి గోడ దాటకుండా డబ్బాలోకి చేరిందని పక్కనుంచి తీసిన బొమ్మలో తేలాక, దాని గుండా సన్నటి తీగ దింపుతాడు. సూది తీసేసి, తీగ మీదుగా ఒకదాని మీద ఒకటి లావైన గొట్టాలు తొడుగుతాడు. కండరం తెగదు, దాని పోగులు పక్కకు జరిగి దారి ఇస్తాయి. ఆ గొట్టంలోంచి, మధ్యలో బోలుగా ఉన్న స్క్రూ తీగ వెంట దిగి బిగుసుకుంటుంది. అన్ని స్క్రూలూ అయ్యాక, రాడ్డును ఒక చివర గాటులోంచి చర్మం కింద దూర్చి, స్క్రూ తలల్లోంచి పోనిచ్చి బిగిస్తారు. అమెరికాలో కెవిన్ ఫోలీ బృందం 2001లో పరిచయం చేసిన పరికరంతో రాడ్డును ఇలా చర్మం కిందే నడపడం తేలికై, ఈ పద్ధతి ఊపందుకుంది.

కళ్లతో చూడాల్సింది తెర మీద చూడాలి కాబట్టి ఎక్స్‌రే వాడకం పెరుగుతుంది. రోగికి అది ఒక్కసారి. రోజూ బరువైన సీసం ఆప్రాన్ వేసుకుని ఆ గదిలో నిలబడే సర్జన్‌కూ, టెక్నీషియన్‌కూ అది వృత్తి జీవితమంతా. తీగ వేళ్ల మధ్య జారి ముందుకు పోతే పూస దాటి కడుపులోని పెద్ద రక్తనాళాల వైపు వెళ్లే ప్రమాదముంది. చేయి తిరగడానికి చాలా కేసులు చేయాల్సి ఉంటుంది.

ఈ రెండిటి మధ్య మూడో దారి కూడా ఉంది. 1968లో అమెరికా సర్జన్ విల్ట్సీ, కండరాన్ని ఎముక నుంచి గీకకుండా రెండు కండరాల మధ్య సహజంగా ఉన్న సందులోంచి వేలు దూర్చి పూసను చేరే దారి చూపించాడు. దీనికి ఖరీదైన ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు. కోత పెద్దదే అయినా కండరం చాలావరకు బతుకుతుంది. చిన్న కోత పరికరాలు లేని చోట ఇది ఎంతో పనికొస్తుంది. రోగులు దీని పేరు ఎప్పుడూ వినరు.

పోల్చి చూసిన అధ్యయనాలు ఏం చెబుతున్నాయి

నరాలు దెబ్బతినని ఫ్రాక్చర్లలో రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చాలా దేశాల్లో చూశారు. చిన్న కోతలో రక్తం తక్కువ పోతుంది, చాలాసార్లు 100 మిల్లీలీటర్ల లోపే. మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, మనిషి తొందరగా లేచి కూర్చుంటాడు, ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతాయి. ఈ మేలు నిజమైనది. రోజు కూలీ మీద బతికే ఇంటికి నాలుగు రోజులు ముందే లేవడం చిన్న సంగతి కాదు.

కానీ ఏడాది, రెండేళ్ల తర్వాత అదే మనుషులను చూస్తే, నొప్పిలోనూ, పనులు చేసుకోవడంలోనూ, వెన్ను వంపు సరిదిద్దిన తీరులోనూ రెండు గుంపులూ దాదాపు ఒక్కచోటికే చేరుతున్నాయి. అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఇదే అన్నాయి: పూస చిట్లిన కేసుల్లో రెండు పద్ధతుల్లో ఏదైనా వాడవచ్చు, ఫలితాలు సమానం. అదే మార్గదర్శకాలు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాయి. స్క్రూలతో పాటు తుంటి నుంచి ఎముక తెచ్చి పూసలను శాశ్వతంగా అతికించే ఫ్యూజన్ కలిపినందువల్ల ఈ ఫ్రాక్చర్లలో ఫలితం మెరుగుపడలేదు, రక్తం, సమయం మాత్రం ఎక్కువ ఖర్చయ్యాయి. చిన్న కోతకు ఇది పెద్ద బలం అయ్యింది. ఎందుకంటే చిన్న గాట్లలోంచి ఫ్యూజన్ చేయడం కష్టం. అది అక్కర్లేదని తేలాక ఆ లోటు లోటుగా మిగల్లేదు.

మరి కండరం కాపాడుకున్న మేలు దీర్ఘకాలంలో ఎందుకు కనబడదు? ఓపెన్‌ను ఇష్టపడే సర్జన్లు, విరిగిన దెబ్బకే కండరం చాలావరకు నలిగిపోయి ఉంటుంది, మన కోత అదనంగా చేసేది తక్కువ అంటారు. చిన్న కోత వైపు ఉన్నవాళ్లు, మనం వాడే నొప్పి ప్రశ్నాపత్రాలు వీపు బలంలోని సన్నటి తేడాలను పట్టుకోలేవు అంటారు. రెండిటిలోనూ పస ఉంది.

నరాలు నొక్కుకుపోయినప్పుడు

ఇక్కడ తూకం మారుతుంది. వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటే 24 గంటల్లోపు దాన్ని తీసేయడం మేలన్నది ఇప్పుడు చాలామంది సర్జన్లు ఒప్పుకునే మాట. కొన్ని పెద్ద కేంద్రాల్లో గొట్టంలోంచి మైక్రోస్కోపు సాయంతో ఈ పని చేస్తున్నారు. స్క్రూలు చిన్న గాట్లతో వేసి, నొక్కుకుపోయిన ఒక్క పూస దగ్గర మాత్రం చిన్నగా తెరిచే కలగలుపు పద్ధతీ ఉంది. అయినా నరాలు బాగా దెబ్బతిన్నప్పుడు, పూసలు జారిపోయినప్పుడు, ఓపెన్ దారే ఇంకా ప్రధానం.

దీన్లో నన్ను కలవరపెట్టే సంగతి ఒకటి ఉంది. జిల్లా కేంద్రంలో ఓపెన్ ఆపరేషన్ ఆ రోజే చేయగలిగిన సర్జన్ ఉంటాడు. చిన్న కోత కోసం కుటుంబం మనిషిని అంబులెన్సులో వందల కిలోమీటర్లు తిప్పుతుంది, ఇంకో చోట మంచం కోసం రెండు రోజులు ఎదురుచూస్తుంది. నరాలు బాగున్న మనిషికి ఆ రెండు రోజులు పెద్ద నష్టం చేయకపోవచ్చు. మూత్రం ఆగిపోయిన మనిషికి ఆ రెండు రోజుల విలువ ఏ మచ్చ పొడవుతోనూ కొలవలేనిది.

"ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయి" అన్న భయానికీ మూలం ఇక్కడే ఉంది. కాళ్లు పడిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఆ నష్టం చెట్టు కింద, రోడ్డు మీద, పడ్డ క్షణంలోనే జరిగిపోతుంది. తర్వాత ఆపరేషన్ జరుగుతుంది, కాళ్లు రావు. ఊరికి గుర్తుండేది ఆపరేషన్. స్క్రూ తప్పి నరాన్ని గాయపరిచే అవకాశం సున్నా కాదు, అది రెండు పద్ధతుల్లోనూ ఉంది, కానీ అరుదు.

బాత్రూంలో జారిన అమ్మమ్మ కేసు వేరు

70 దాటిన మనిషి, ఎముకలు గుల్లబారాయి, మెల్లగా కూలబడితేనే పూస కుంగింది. ఇది పై లెక్కల్లోకి రాదు. వీళ్లకు స్క్రూలు వేసినా మెత్తటి ఎముకలో నిలవవు, అవసరమైతే స్క్రూ చుట్టూ సిమెంటు నింపాలి. ఎక్కువమందికి మందులు, విశ్రాంతి, మెల్లగా నడక సరిపోతాయి. సూదితో పూసలోకి ఎముక సిమెంటు ఎక్కించే వెర్టెబ్రోప్లాస్టీ 1980ల్లో ఫ్రాన్స్‌లో మొదలైంది. నిజంగా సిమెంటు ఎక్కించిన రోగులకూ, డాక్టర్లు ఎక్కించినట్టు నటించి ఊరుకున్న రోగులకూ నొప్పి ఒకేలా తగ్గిందని 2009లో రెండు అధ్యయనాలు తేల్చి పెద్ద దుమారం లేపాయి. 2016లో ఆస్ట్రేలియా అధ్యయనం, ఫ్రాక్చర్ అయిన ఆరు వారాల్లోపు, నొప్పి బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకు మేలు ఉందని చూపింది. అసలు మందు ఎముక గుల్లదనానికి వేయాలి. అది వదిలేస్తే పక్క పూస వరుసలో నిలబడి ఉంటుంది.

ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే ఒక రకం కీళ్లవాతం వల్ల వెన్నంతా వెదురు కర్రలా ఒక్కటైపోయినవాళ్లు ఇంకో ప్రత్యేక గుంపు. వీళ్ల వెన్ను విరిగితే పొడవాటి ఊతం కావాలి, ఒంట్లో పెద్ద కోతను తట్టుకునే శక్తి తక్కువ. చిన్న కోత పద్ధతి మేలు బాగా కనిపించే రోగుల్లో వీళ్లూ ఉన్నారు.

ఖర్చు, స్క్రూలు తీయించడం, నిలబడి తీసే ఎక్స్‌రే

చిన్న కోతలో వాడే బోలు స్క్రూలు, తీగలు, ఒక్కసారే వాడే సూదులు ఖరీదెక్కువ. ఆస్పత్రిలో తగ్గిన రోజులు ఆ తేడాలో కొంత పూడుస్తాయి, అంతా పూడ్చకపోవచ్చు.

ఫ్యూజన్ చేయకపోతే, పూస అతుక్కున్నాక స్క్రూల పని అయిపోయినట్టే. ఏడాది తర్వాత వాటిని తీస్తే ఆ రెండు మూడు పూసల కదలిక కొంత తిరిగి వస్తుందని కొందరు సర్జన్లు తీయిస్తారు. ఇబ్బంది పెట్టనప్పుడు ఇంకో మత్తు, ఇంకో ఆపరేషన్ ఎందుకని మరికొందరు వదిలేస్తారు. పడుచు వయసువాళ్లలో తీయించే మొగ్గు ఎక్కువ. టైటానియం స్క్రూలు ఉన్నా ఎంఆర్ఐ తీయించుకోవచ్చు, కాకపోతే ఆ చోట బొమ్మ కొంచెం మసకబారుతుంది.

తర్వాతి నెలల్లో డాక్టరు చూసేది మచ్చను కాదు, ఒక కోణాన్ని. విరిగిన పూసకు పైన ఒక గీత, కింద ఒక గీత గీసి, రెండిటి మధ్య ఎన్ని డిగ్రీల వంపు ఉందో కొలుస్తారు. ఆ ఎక్స్‌రే నిలబడి తీయాలి. పడుకున్నప్పుడు పూస మీద బరువు ఉండదు కాబట్టి వెన్ను నిటారుగానే కనిపిస్తుంది. నిలబడ్డాక అసలు వంపు బయటపడుతుంది. ఆపరేషన్ చిన్న కోతతో జరిగినా, పెద్ద కోతతో జరిగినా, అసలు జరగకపోయినా, ఆ కోణం నెలకూ నెలకూ పెరుగుతోందా, నిలకడగా ఉందా అన్నదే మల్లయ్య మళ్లీ పనికి వెళ్లే రోజును తేలుస్తుంది.